పర్యావరణ పాఠం చెప్పే అధ్యాపకులకు ఏం కావాలి?

హైదరాబాద్‌లోని చాలా డిగ్రీ కాలేజీల్లో మొదటి సంవత్సరం టైమ్‌టేబుల్‌లో పర్యావరణ శాస్త్రం పేరుతో ఒక చిన్న పేపరు ఉంటుంది. దాన్ని ఎవరు చెప్తారన్నది మాత్రం ఏడాదికోసారి మారుతుంది. బోటనీ మేడమ్‌కి పీరియడ్ ఖాళీ ఉంటే ఆమె, లేదంటే కామర్స్ సార్, ఇద్దరికీ కుదరకపోతే గెస్ట్ ఫ్యాకల్టీ. పరీక్ష ముందు వారం పిల్లలు గైడ్ కొనుక్కుంటారు. ఓజోన్ పొర, ఆమ్ల వర్షం, ఆహారపు గొలుసు అన్నీ చదివేస్తారు, పాసవుతారు. కాలేజీ గోడ పక్కనుంచి పారే నాలా ఎక్కడ మొదలై ఏ చెరువులో కలుస్తుందో వాళ్లను ఎవరూ అడగరు. అడగమని అధ్యాపకులకు కూడా ఎవరూ చెప్పలేదు.

ఈ పేపరు ఊరికే వచ్చింది కాదు. పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991 నవంబరులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని అన్ని స్థాయిల్లో తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని చెప్పింది. సినిమా హాళ్లలో స్లైడ్లు, రేడియో, దూరదర్శన్‌లలో కార్యక్రమాలు ఉండాలన్నది కూడా అదే తీర్పు. పన్నెండేళ్లు గడిచినా అమలు అరకొరగానే ఉండటంతో 2003లో కోర్టు మళ్లీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. అప్పుడు ఉన్నత విద్యను పర్యవేక్షించే యూజీసీ అన్ని డిగ్రీ కోర్సులకూ ఆరు నెలల ఉమ్మడి సిలబస్ తయారుచేసింది. జాతీయ విద్యా విధానం వచ్చాక 2023లో దాన్ని సవరించి నాలుగు క్రెడిట్లకు పెంచుతూ మార్గదర్శకాలు ఇచ్చింది. సిలబస్ మారింది, క్రెడిట్లు పెరిగాయి. పాఠం చెప్పే మనిషికి అదనంగా ఏం ఇవ్వాలన్నది మాత్రం ఈ మూడు దశాబ్దాల్లో ఎప్పుడూ ప్రధాన ప్రశ్న కాలేదు.

అసలు లోపం ఇక్కడే ఉంది. విడిగా ఒక పేపరు పెడితే పర్యావరణం ఎవరిదీ కాని సబ్జెక్టు అవుతుంది. కెమిస్ట్రీ అధ్యాపకురాలు తన కెమిస్ట్రీలోనే, లా ప్రొఫెసర్ తన లాలోనే, ఎకనామిక్స్ లెక్చరర్ తన ఎకనామిక్స్‌లోనే దాన్ని చెప్పినప్పుడు విద్యార్థి దాన్ని తన చదువులో భాగంగా తీసుకుంటాడు. దానికి కావలసిన సరుకు ఈ నగరంలో కొరత లేకుండా ఉంది.

లా సంగతే చూద్దాం. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలు రాకుండా 1996లో 111 జీవో వచ్చింది. 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. ఆ పరిధిలో ఒక నూనె పరిశ్రమకు ప్రభుత్వం మినహాయింపు ఇస్తే వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. దేశంలో పర్యావరణ చట్టం చదివే ప్రతి విద్యార్థికీ తెలిసిన ‘ఏపీ కాలుష్య నియంత్రణ మండలి వర్సెస్ ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు’ కేసు అదే. హాని జరుగుతుందని పూర్తిగా రుజువయ్యే దాకా ఆగకుండా ముందే జాగ్రత్త పడాలన్న సూత్రాన్ని, హాని లేదని నిరూపించే బాధ్యత పరిశ్రమదేనన్న వాదాన్ని 1999లో ఆ తీర్పు విడమరిచి చెప్పింది. శాస్త్ర విషయాలు తేల్చడానికి మామూలు కోర్టులు చాలవని, నిపుణులు కూర్చునే పర్యావరణ న్యాయస్థానాలు కావాలని కూడా అందులో ఉంది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఎం. జగన్నాథరావే తర్వాత లా కమిషన్ అధ్యక్షుడిగా 2003లో పర్యావరణ కోర్టుల మీద నివేదిక ఇచ్చారు. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం వచ్చింది. హైదరాబాద్ తాగునీటి చెరువుల దగ్గర మొదలైన గొడవ దేశానికి ఒక న్యాయస్థానం వచ్చేందుకు దారితీసింది. 2022లో 111 జీవో ఆంక్షలను ఎత్తేశారు కాబట్టి చర్చ ఇంకా ముగియలేదు కూడా. ఇంత మంచి పాఠం ఇంటి ముందు ఉంటే దాన్ని పుస్తకంలో రెండు వాక్యాల కేస్ నోట్‌గా చదివించి వదిలేయడం పెద్ద నష్టం. తరగతిని గండిపేట (ఉస్మాన్‌సాగర్) కట్ట మీదికి తీసుకెళ్లి, అక్కడ తీర్పు ప్రతి చదివించి చర్చ పెడితే ఆ పాఠం మరోలా ఉంటుంది.

కెమిస్ట్రీ, మైక్రోబయాలజీలకు పటాన్‌చెరు ఉంది. అక్కడ మందుల ముడిసరుకు తయారుచేసే సుమారు 90 బల్క్ డ్రగ్ కంపెనీల నుంచి వ్యర్థజలం వచ్చే ఉమ్మడి శుద్ధి కేంద్రం దగ్గర నమూనాలు తీసి పరీక్షించిన ఫలితాలు 2007లో అచ్చయ్యాయి. శుద్ధి చేసి బయటికి వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. కొన్ని బాక్టీరియాను దెబ్బతీసే మోతాదుకు అది వెయ్యి రెట్లకు పైమాట. మందులకు లొంగని సూక్ష్మజీవులు ఎలా పుట్టుకొస్తాయన్న ప్రశ్న మీద ప్రపంచవ్యాప్తంగా చర్చ రేపిన పరిశోధనల్లో అదొకటి. అది చేసినవాళ్లు స్వీడన్ శాస్త్రవేత్తలు. ఉస్మానియా నుంచో, సెంట్రల్ యూనివర్సిటీ నుంచో బస్సెక్కితే చేరుకునే చోటి నీటి సంగతి ప్రపంచానికి స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ ద్వారా తెలిసింది.

ఇక్కడివాళ్లు పటాన్‌చెరును పట్టించుకోలేదని దీని అర్థం కాదు. నక్కవాగు పరీవాహకంలో భూగర్భజలాల మీద హైదరాబాద్ శాస్త్రవేత్తలు చాలా పని చేశారు. అయినా డిగ్రీ, పీజీ కళాశాలల్లో కెమిస్ట్రీ చెప్పే వందల మందిలో ఎంతమందికి ఆ వాగు నీటిని తెచ్చి, అందులో మందుల అవశేషాలను కొలిచే యంత్రం దాకా తీసుకెళ్లే వీలుందో ఆలోచించాలి. తెలివితేటలకు ఇక్కడ కొరత లేదు. వీలు లేదు, అంతే.

మిగతా సబ్జెక్టులకూ ఇదే మాట వర్తిస్తుంది. మూసీ దిగువన మురుగునీటితో గడ్డి పెంచి నగరంలోని పాడిపశువులకు అమ్మే వాళ్లున్నారు. అది ఎకనామిక్స్‌కూ, రాజేంద్రనగర్‌లోని వెటర్నరీ విద్యార్థులకూ, పబ్లిక్ హెల్త్‌కూ ఉమ్మడి పాఠం. ఎండాకాలం ట్యాంకర్ నీటి ధర మార్కెట్ పాఠం. 1908 సెప్టెంబరు వరద, ఆ తర్వాత విశ్వేశ్వరయ్య సలహాలు, జంట జలాశయాల నిర్మాణం చరిత్ర పాఠం. నల్లగొండ ఫ్లోరైడ్‌కు పటిక, సున్నంతో చేసే శుద్ధి పద్ధతికి ఆ ఊరి పేరే పెట్టారు. ఫస్టియర్ కెమిస్ట్రీ ల్యాబ్‌లోనే చేసి చూపించగల ప్రయోగం అది. తెలుగు శాఖలో చెరువు మీద, కరువు మీద మన కవులూ కథకులూ రాసిందంతా ఉంది.

స్థానిక పరిశోధన ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి చల్లని పైకప్పుల కథ ఒక్కటి చాలు. 2011 ప్రాంతంలో గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ అధ్యాపకులు, అమెరికాలోని బర్క్లీ ల్యాబ్ పరిశోధకులు కలిసి హైదరాబాద్ ప్రాంతంలోని వాణిజ్య భవనాల మీద కొలతలు తీశారు. నల్లటి కప్పుకు తెల్ల పూత వేస్తే ఏడాదికి చదరపు మీటరుకు 20 నుంచి 22 యూనిట్ల కరెంటు ఆదా అవుతుందని, ఏసీల వాడకం 14 నుంచి 26 శాతం తగ్గుతుందని తేలింది. పన్నెండేళ్ల తర్వాత, 2023లో, తెలంగాణ కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. మధ్యలో చాలా సంస్థలు పనిచేశాయి. ఆ ఘనత ఒక్క పరిశోధనకే ఇవ్వడం సరికాదు. కానీ మన ఎండలో, మన డాబాల మీద తీసిన లెక్కలు చేతిలో ఉండటంవల్లే ఆ మాట ప్రభుత్వం దగ్గర నిలబడింది. వేరే దేశపు సగటు అంకెలు చూపించి ఉంటే ఇంత నమ్మకం కుదిరేది కాదు.

ఆ పని చేసినవాళ్లకు ల్యాబ్ ఉంది, భాగస్వాములున్నారు, అన్నిటికంటే ముఖ్యంగా సమయం ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఆ సమయమే కరువు. యూజీసీ నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు, పైస్థాయి వాళ్లు 14 గంటలు నేరుగా బోధించాలి. కాగితం మీద అది మోయలేని బరువేమీ కాదు. కానీ తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మంజూరైన పోస్టుల్లో సగానికి మించి ఖాళీ. ఉన్నవాళ్ల మీద పాఠాలతో పాటు పరీక్షల పని, అడ్మిషన్ల పని, విద్యాసంస్థలకు గ్రేడు ఇచ్చే న్యాక్ కోసం ఫైళ్ల పని పడుతుంది. మిగతా తరగతులు కాంట్రాక్ట్, పార్ట్‌టైమ్ అధ్యాపకుల భుజాల మీద నడుస్తున్నాయి. వచ్చే ఏడాది ఉద్యోగం ఉంటుందో లేదో అన్న టెన్షన్‌లో ఉన్న మనిషి మూడేళ్లు పట్టే చెరువు అధ్యయనం ఎలా మొదలుపెడతాడు? అందుకే పర్యావరణ విద్య గురించిన ఏ చర్చ అయినా పోస్టుల భర్తీ దగ్గర మొదలవ్వాలి. ఆ మాట ఎత్తకుండా పెట్టే వర్క్‌షాపులు సర్టిఫికెట్లు ఇవ్వడంతో ముగుస్తాయి.

సమయం తర్వాతది ప్రమోషన్. యూజీసీ 2018 నిబంధనల్లోని పరిశోధన స్కోరు పట్టిక చూస్తే వ్యవస్థ దేనికి విలువ ఇస్తుందో అర్థమవుతుంది. గుర్తింపు ఉన్న జర్నల్‌లో సైన్స్ వ్యాసానికి 8 పాయింట్లు, భాషలు, సామాజిక శాస్త్రాల వ్యాసానికి 10. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను (అందులోని వ్యాసాలను ఇతరులు ఎంతగా ఉదహరిస్తారన్న లెక్కను) బట్టి మరికొన్ని. రాష్ట్ర ప్రభుత్వానికి విధాన పత్రం తయారుచేసి ఇస్తే 4. అంటే మూసీ మీద, ఒక మున్సిపాలిటీ చెత్త మీద ఏడాదంతా తిరిగి అధికారులకు పనికొచ్చే నివేదిక రాసినా, ల్యాబ్‌లో కూర్చుని రాసిన ఒక వ్యాసంలో సగమే. కాలనీ సంఘంతో కలిసి బోరుబావుల మట్టాలు నమోదు చేయడం, దాన్ని తెలుగులో రాసి జనానికి అందించడం లాంటి వాటికి ఈ పట్టికలో నేరుగా చోటే లేదు. అధ్యాపకులు స్వార్థపరులని కాదు, పదోన్నతి అందరికీ కావాలి. స్థానిక సమస్యల మీద పని చేయమని ఒక చేత్తో చెప్పి, రెండో చేత్తో దానికి మార్కులు తీసేయడం న్యాయం కాదు. ఈ పట్టికను మార్చడం ఢిల్లీ చేతిలో ఉన్నా, చాలా పనులు విశ్వవిద్యాలయం తన స్థాయిలోనే చేయవచ్చు. అంతర్గత గ్రాంట్లు, అవార్డులు, సెమినార్ ఖర్చులు, విభాగాల మధ్య నిధుల పంపకం ఎవరి అనుమతీ లేకుండా స్థానిక పని వైపు తిప్పవచ్చు.

ఫీల్డ్‌కు వెళ్లడం చెప్పినంత తేలిక కాదు. విద్యార్థులను జవహర్‌నగర్ డంప్‌యార్డుకో, మురుగునీటి శుద్ధి కేంద్రానికో (ఎస్‌టీపీ) తీసుకెళ్లాలంటే బస్సు కావాలి, అనుమతి లేఖలు కావాలి, ఆడపిల్లల తల్లిదండ్రుల అంగీకారం కావాలి, దారిలో ఏమైనా జరిగితే బాధ్యత ఎవరిదో తేలాలి. ఇవన్నీ ఒక్క అధ్యాపకుడి మీద వేస్తే మొదటి ఏడాది ఉత్సాహం రెండో ఏడాదికి మిగలదు. రిజిస్ట్రార్ ఆఫీసులో ఈ అనుమతులు, రవాణా చూసుకునే ఒక మనిషిని పెడితే ఎంతమంది పాఠాలు గోడలు దాటి బయటికి వస్తాయో లెక్కలేదు. యంత్రాల సంగతీ అంతే. నీటిలో భారలోహాలు, మందుల అవశేషాలు కొలిచే పరికరాల ధరలు ఒక కాలేజీ కొనగలిగేవి కావు. అవి నగరంలోనే ఐఐసీటీ (రసాయన సాంకేతిక సంస్థ), ఎన్‌జీఆర్‌ఐ (భూభౌతిక పరిశోధన సంస్థ), పెద్ద విశ్వవిద్యాలయాల కేంద్ర ప్రయోగశాలల్లో ఉన్నాయి. బయటివాళ్లు రుసుము కట్టి వాడుకునేందుకు జాతీయ స్థాయిలో ఐ-స్టెమ్ పోర్టల్ కూడా ఉంది. కావలసింది ఆ రుసుము కట్టే చిన్న నిధి. నమూనా ఎలా తీయాలి, ఎలా భద్రపరచాలి అని ఒక రోజు నేర్పే ఏర్పాటు కూడా ఉండాలి. నమూనా సీసా సరిగ్గా లేకపోతే ఎంత ఖరీదైన యంత్రం ఇచ్చిన అంకె అయినా పనికిరాదు.

ఇంకొక విషయం ఉంది, సాధారణంగా బయట మాట్లాడరు. ఒక పరిశ్రమకో, ఒక ప్రభుత్వ శాఖకో ఇబ్బంది కలిగించే ఫలితం వస్తే సంస్థ తన వెనక నిలబడుతుందా అన్న అనుమానం అధ్యాపకులను ముందే ఆపేస్తుంది. పద్ధతి ప్రకారం చేసిన పరిశోధన ఫలితాలను ప్రచురించే హక్కు అధ్యాపకులదేనని విశ్వవిద్యాలయం రాతపూర్వకంగా చెప్పడం ఖర్చులేని సాయం. బహుశా అన్నిటికన్నా విలువైనది కూడా.

శిక్షణ విషయానికి వస్తే, వేదిక కొత్తగా కట్టనక్కర్లేదు. అధ్యాపకులకు శిక్షణ ఇచ్చేందుకు 1980ల చివర్లో మొదలైన అకడమిక్ స్టాఫ్ కాలేజీలే పేర్లు మారుతూ ఇప్పుడు మాలవీయ మిషన్ కేంద్రాలయ్యాయి. హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ, ఉస్మానియా, జేఎన్‌టీయూ, మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం (మనూ) నాలుగింటిలోనూ ఈ కేంద్రాలున్నాయి. అయితే 2023లో మొదలైన ఈ మిషన్ ఎనిమిది అంశాల్లో నాయకత్వం, భారతీయ జ్ఞాన వ్యవస్థలు, సమాచార సాంకేతికత (ఐసీటీ) వంటివి ఉన్నాయి గానీ పర్యావరణం విడిగా లేదు. రెండు వారాలు ఉపన్యాసాలు విని, చివర్లో సర్టిఫికెట్ తీసుకునే పద్ధతి కూడా ఈ పనికి సరిపోదు. అమెరికాలో 1995లో నార్తర్న్ అరిజోనా విశ్వవిద్యాలయం పాండరోసా ప్రాజెక్ట్ పేరుతో, 2001లో అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయం పీడ్‌మాంట్ ప్రాజెక్ట్ పేరుతో ఒక సులువైన పద్ధతి నడిపాయి. అన్ని శాఖల అధ్యాపకులను వేసవిలో కొద్ది రోజులు కలిపి కూర్చోబెడతారు. ఆ ఊరి కొండలు, అడవులు, నీళ్లు చూపిస్తారు. తర్వాత ప్రతి ఒక్కరూ తాము ఇప్పటికే చెప్తున్న ఒక కోర్సును తీసుకుని తిరగరాస్తారు. ఆ శ్రమకు కొంత డబ్బిస్తారు. తర్వాత మళ్లీ కలిసి ఎవరేం మార్చారో చెప్పుకుంటారు. ఏం మార్చాలో పైనుంచి చెప్పరు, తన సబ్జెక్టులో ఎక్కడ చోటుందో అధ్యాపకుడే వెతుక్కుంటాడు. రెండు పేర్లూ అక్కడి స్థానిక ప్రకృతివే కావడం గమనించాలి. ఒకటి చెట్టు, ఇంకొకటి భూభాగం.

అదే పద్ధతిని ఇక్కడికి తేవడానికి హైదరాబాద్‌లో ఉన్నన్ని వనరులు దేశంలో మరే నగరంలోనూ ఇంత దగ్గర దగ్గరగా దొరకవేమో. మెట్ట పంటల మీద వాతావరణ మార్పుల ప్రభావం గురించి సంతోష్‌నగర్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రీడా) చెప్పగలదు. వాతావరణ మార్పులను తట్టుకునే వ్యవసాయం కోసం 2011 నుంచి దేశవ్యాప్తంగా సాగుతున్న నిక్రా కార్యక్రమానికి అదే కేంద్రం. పటాన్‌చెరులో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్, బాలానగర్‌లో ఉపగ్రహ చిత్రాల కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ, గచ్చిబౌలిలో పర్యావరణ శిక్షణ, పరిశోధన సంస్థ ఈపీటీఆర్‌ఐ ఉన్నాయి. ఎన్‌ఆర్‌ఎస్‌సీ నడిపే భువన్ పోర్టల్‌లో ఉపగ్రహ చిత్రాలు చూసి జాగ్రఫీ విద్యార్థి తన కాలనీ చెరువు ఎంత కుంచించుకుపోయిందో తానే గీసి చూపించవచ్చు. ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు), బఫర్ జోన్ (ఆ హద్దు చుట్టూ కట్టడాలు కూడని స్థలం) అన్న మాటలు చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక ఇంటింటా వినిపిస్తున్నాయి. ఆ గీతలు ఎలా నిర్ణయిస్తారో తరగతిలో చెప్పడానికి ఇంతకన్నా మంచి అదను ఉండదు. జహీరాబాద్ దాకా వెళ్తే, చిరుధాన్యాల సాగుకు 2019లో ఈక్వేటర్ బహుమతి అందుకున్న పస్తాపూర్ మహిళా రైతులున్నారు. ఈ సంస్థలకూ డిగ్రీ కాలేజీ స్టాఫ్ రూమ్‌కూ మధ్య ఇప్పుడున్నది వ్యక్తిగత పరిచయాల దారి ఒక్కటే. తెలిసినవాళ్లు ఉంటే పని అవుతుంది, లేకపోతే లేదు. ఆ దారిని అందరికీ తెరిచే ఒప్పందాలు విశ్వవిద్యాలయం చేయాలి.

క్యాంపస్‌లు కూడా ప్రయోగశాలలే. 2025 వసంతంలో సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల చదును మొదలై, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపించినప్పుడు ఈ సంగతి అందరికీ తెలిసింది. ఆ భూమి ఎవరిదన్న వాదన ఎలా ఉన్నా, అక్కడ ఏ పక్షులు, ఏ జంతువులు, ఏ చెట్లు ఉన్నాయో చెప్పడానికి జనం తిరిగి చూసింది సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు, అధ్యాపకులు ఏళ్ల తరబడి చేసిన పరిశీలనలనే. అవి ఏ కేసు కోసమో రాసినవి కావు. ఇలాంటి రికార్డు ఉస్మానియా క్యాంపస్‌కు, రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి, నగరంలోని పాత కాలేజీల ఆవరణలకు ఏటా తయారుకావాలి. న్యాక్ మూల్యాంకనంలో గ్రీన్ ఆడిట్ ఎలాగూ ఉంది. దాన్ని బయటి ఏజెన్సీకి డబ్బిచ్చి రాయించుకునే బదులు బోటనీ, ఫిజిక్స్, కామర్స్ అధ్యాపకులు విద్యార్థులతో కలిసి చేస్తే కాలేజీకి నివేదికా వస్తుంది, పిల్లలకు చదువూ వస్తుంది.

తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లల గురించి కూడా ఆలోచించాలి. జిల్లాల నుంచి నగరానికి వచ్చే విద్యార్థికి కరువు, బోరు, చెరువు, పురుగుమందు గురించి అధ్యాపకుడికన్నా ఎక్కువే తెలిసి ఉంటుంది. పరీక్షలో ఆ తెలివికి చోటు లేదు. స్థానిక ఉదాహరణలతో తెలుగులో పాఠ్య సామగ్రి రాసే అధ్యాపకులకు సెమిస్టర్ పాటు కొంత బోధన భారం తగ్గించి, రాసింది అందరికీ ఉచితంగా అందుబాటులో పెడితే, ఆ పిల్లలు తమ ఊరి సంగతినే ప్రాజెక్టుగా తెచ్చి చూపిస్తారు.

వీటిలో కొన్నిటికి ప్రభుత్వ నిర్ణయం, నిధులు కావాలి. కొన్నిటికి అంత పెద్ద తతంగం అక్కర్లేదు. సిలబస్ నిర్ణయించేది బోర్డ్ ఆఫ్ స్టడీస్, అందులో కూర్చునేది అధ్యాపకులే. స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీలు తమ సిలబస్ తామే రాసుకుంటాయి. ఇంటర్నల్ అసైన్‌మెంట్ ఏమివ్వాలన్నది ఎక్కువ చోట్ల పాఠం చెప్పేవాళ్ల చేతిలోనే ఉంటుంది. వచ్చే విద్యా సంవత్సరానికి ప్రతి శాఖ ఒక్క యూనిట్‌ను హైదరాబాద్ నీళ్లు, గాలి, చెత్త, ఎండలతో ముడిపెట్టి తిరగరాసుకోవచ్చు. ఆ తిరగరాతకు వేసవిలో రెండు వారాల గౌరవ వేతనం, ఒక బస్సు, కొన్ని నమూనాల పరీక్ష ఖర్చు విశ్వవిద్యాలయం భరించాలి. కాంట్రాక్ట్ అధ్యాపకులకు కూడా అదే వేతనం అందేలా ఉత్తర్వులో స్పష్టంగా రాయాలి. ఎందుకంటే ఆ పర్యావరణ పేపరు చెప్పేది ఎక్కువగా వాళ్లే.